చాంపియన్ రీఫ్స్ నుంచి ఐర్లండు దాకా: మంత్రగత్తె అనే మాట గురించి

ఈసారి కాస్త పెద్దదే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదవండి. ఒకేసారి కుదరకపోతే రెండు విడతల్లో చదవండి, కానీ సగంలో వదిలేయొద్దు.

పోయిన వారం మన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది, గుర్తుందా? మన వాళ్ళ అమ్మాయే, ఐర్లండులో ఉద్యోగం చేస్తోంది. అక్టోబరు 31 రాత్రి స్నేహితులతో కలిసి ఒక గుట్ట మీద మంట వేసుకుని, చనిపోయిన పెద్దలకోసం దీపం పెట్టామని రాసింది. ఇక్కడి స్నేహితులు విక్కా అనే పద్ధతి పాటిస్తారు, ప్రకృతిని కొలుస్తారు, నాకు మన కోలారమ్మ గుర్తొచ్చింది అని కూడా రాసింది. దాని కింద మనవాళ్ళు రాసిన మాటలు చూశాను. "మంత్రగత్తెల్లో కలిసిపోయావా తల్లీ" అని ఒకరు. "అందుకేనా పంపించింది" అని ఇంకొకరు. "చేతబడి నేర్చుకుని రావద్దు" అని నవ్వు బొమ్మలతో మరొకరు. మర్నాటికి ఆ ఫోటో లేదు. ఆ అమ్మాయి గ్రూపు నుంచి కూడా వెళ్ళిపోయింది.

రాసినవాళ్ళకు చెడ్డ ఉద్దేశం లేదని నాకు తెలుసు. సరదాకి అన్నారు. కానీ ఆ మాట మా ఇంట్లో ఒకసారి సరదాగా కాకుండా వినబడింది. అది చివర్లో చెబుతాను. ముందు ఈ విక్కా ఏమిటో, దానికీ ఐర్లండుకీ సంబంధం ఏమిటో, మన చాంపియన్ రీఫ్స్‌కీ మదనపల్లెకీ దానితో ఎంత దగ్గర చుట్టరికం ఉందో చెబుతాను. చదివాక మీరే ఆశ్చర్యపోతారు.

మన బంగారం వెనుక ఒక ఐరిష్ మనిషి

మన ఊరి కథ అందరికీ తెలిసిందే. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ మైసూరు సరిహద్దు సర్వేకి వచ్చి, ఊరిగాం చుట్టుపక్కల జనం మట్టి కడిగి బంగారం తీయడం చూశాడు. ఆయన రాసింది డెబ్బై ఏళ్ళ తర్వాత బెంగుళూరు కంటోన్మెంటులో ఒక మాజీ సైనికుడి కళ్ళ పడింది. ఆయన పేరు మైఖేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లావెల్, ఐరిష్ మనిషి. న్యూజిలాండులో మావోరీల యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. ఎద్దుల బండి కట్టుకుని కోలారు వైపు వచ్చాడు. 1873లో మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టి, 1875లో తవ్వుకోవడానికి హక్కు సంపాదించాడు. డబ్బు చాలక చేతులెత్తేసి హక్కులు వేరేవాళ్ళకి అమ్ముకున్నాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాకే గనులు నిలబడ్డాయి. బెంగుళూరులో లావెల్ రోడ్డు మీద కాఫీ తాగేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు మన గనులదని తెలుసు?

లావెల్‌కీ విక్కాకీ సంబంధం ఏమీ లేదు. అప్పటికి విక్కా పుట్టనే లేదు. కానీ ఐర్లండు మనకు పరాయి దేశం కాదు, మన పునాది రాళ్ళలో ఒకటి అక్కడిదే అని గుర్తు చేయడానికి చెప్పాను.

విక్కా ఎంత పాతది?

చాలామంది ఇది వేల ఏళ్ళ నాటి మతం అనుకుంటారు. కాదు. మన నాయనల వయసు దానిది.

జెరాల్డ్ గార్డ్‌నర్ అని ఒక ఇంగ్లీషాయన, 1884లో పుట్టాడు. కుర్రతనంలోనే సిలోను టీ తోటల్లో పనికి చేరాడు. తర్వాత బోర్నియో, మలయాల్లో రబ్బరు తోటలు, ఆ తర్వాత కస్టమ్స్ ఉద్యోగం. 1936లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్ళాడు. 1939లో న్యూ ఫారెస్ట్ అనే అడవి ప్రాంతంలో పాతకాలపు మంత్రవిద్య పాటించే ఒక గుంపు తనను చేర్చుకుందని చెప్పుకున్నాడు. 1951లో బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని రద్దు చేశారు. 1954లో ఆయన పుస్తకం వచ్చింది. అక్కడినుంచి ఈ పద్ధతి బయటి ప్రపంచానికి తెలిసింది. విక్కా అన్నది పాత ఇంగ్లీషులో మంత్రగాడు అని అర్థమున్న మాట. డోరీన్ వాలియెంటె అనే ఆవిడ 1953లో చేరి, పూజలో చదివే పాఠాలు చాలావరకు తిరగరాసింది.

"ఇది క్రైస్తవానికి ముందునుంచీ దాక్కుని బతికిన మతం" అనే వాదన మార్గరెట్ మరీ అనే పండితురాలిది. 1921లో పుస్తకం రాసింది. ఈవిడ పుట్టింది మన కలకత్తాలోనే, 1863లో. ఆ వాదన నిలబడలేదు. రోనాల్డ్ హట్టన్ అనే చరిత్రకారుడు 1999లో, విక్కా ఇరవయ్యో శతాబ్దంలో కూర్చిన మతమేనని ఓపిగ్గా, మర్యాదగా చూపించాడు. ఇప్పుడు విక్కా వాళ్ళలో కూడా చాలామంది ఆ మాట ఒప్పుకుంటారు. కొత్తదైతే తక్కువదని ఏమీ లేదు కదా. మన సంఘం కూడా కొత్తదే.

ఐర్లండు ఎక్కడ కలిసింది?

విక్కా వాళ్ళకు ఏడాదికి ఎనిమిది పండగలు. అందులో నాలుగు సూర్యుడివి: రెండు అయనాలు, రాత్రీ పగలూ సమానమయ్యే రెండు రోజులు. మిగతా నాలుగు ఐర్లండు రైతుల పాత పండగలు. నవంబరు మొదట్లో సావిన్: పంట ఇంటికొచ్చి చలి మొదలయ్యే వేళ, చనిపోయినవాళ్ళు దగ్గరికొస్తారని నమ్మకం. ఫిబ్రవరి 1 ఇంబల్గ్: గొర్రెలు పాలకొచ్చే కాలం, బ్రిజిడ్ అమ్మవారి రోజు. మే 1 బెల్టెయిన్: రెండు మంటల మధ్యనుంచి పశువులను తోలతారు. ఆగస్టు 1 లూనసా: కొత్త పంట పండగ, లూగ్ అనే దేవుడి పేరు మీద.

ఇది చదువుతుంటే మీకు ఏమనిపించింది? నాకైతే సంక్రాంతి, కనుమనాడు పశువులను పూజించడం, మహాలయ అమావాస్య, మే నెలలో కుప్పం గంగమ్మ జాతర వరసగా గుర్తొచ్చాయి. పంట మీద బతికే జనం ఎక్కడున్నా పంచాంగం పంటే రాస్తుంది.

ఐరిష్ పురాణాల్లో తూహా డే డానన్ అని ఒక దేవగణం ఉంది. డాను అనే తల్లి సంతానం అని అర్థం చెబుతారు. వాళ్ళు మబ్బుల్లో ఐర్లండుకి వచ్చారు, యుద్ధాలు గెలిచారు, చివరికి మనుషుల చేతిలో ఓడిపోయారు. ఓడినా దేశం వదిలిపోలేదు. నేల పైభాగం మనుషులకిచ్చి, తాము నేల కిందికి దిగిపోయారు. గడ్డి మొలిచిన పాత దిబ్బలన్నీ వాళ్ళ ఇళ్ళే అని నమ్మకం. ఆ దిబ్బల్ని షీ అంటారు. ఐర్లండులో ఇప్పటికీ అలాంటి దిబ్బ మీదకి ట్రాక్టరు తోలడానికి రైతు వెనకాడతాడు. 1999లో క్లేర్ జిల్లాలో ఒక రోడ్డు వేస్తూ, దేవతలు కూడుకునే చెట్టు అని పేరున్న ఒక ముళ్ళచెట్టుని కొట్టబోతే జనం అడ్డుపడ్డారు. చివరికి రోడ్డే చెట్టుకి దారిచ్చింది.

ఐర్లండు పవిత్ర బావుల దగ్గర చెట్లకి గుడ్డపేలికలు కట్టి మొక్కుకుంటారు. మన ఊళ్ళల్లో వేపచెట్టుకి ఉయ్యాలలు కట్టడం చూసిన మనకి దాన్ని వేరేగా విడమరచి చెప్పాలా?

ఈ పురాణాలను విక్కాతో గట్టిగా ముడివేసినవాళ్ళలో జానెట్, స్టూవర్ట్ ఫారర్ దంపతులు ముఖ్యులు. 1976లో ఇంగ్లండు వదిలి ఐర్లండులో స్థిరపడ్డారు. 1981లో ఈ ఎనిమిది పండగల మీద పుస్తకం రాశారు. అదే 1976లో కార్లో జిల్లాలో ఒక పాత కోటలో ఒలీవియా రాబర్ట్‌సన్, ఆవిడ తమ్ముడు కలిసి ఫెలోషిప్ ఆఫ్ ఐసిస్ అని అమ్మవారిని కొలిచే ఒక సంస్థ పెట్టారు. ఏ మతం వాళ్ళైనా తమ మతం వదలకుండానే చేరొచ్చు.

డాను పేరు విని "మన ఋగ్వేదంలో దాను ఉంది కదా, అంటే వాళ్ళు మనవాళ్ళే" అని ఎవరో ఒకరు ఫార్వర్డు పెడతారని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నా. ఋగ్వేదంలో దాను వృత్రుడి తల్లి. రెండు భాషలూ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి కాబట్టి మాటలు కలవొచ్చు. దాన్ని బట్టి దేవత ఒక్కతే అనడానికి లేదు. చుట్టరికం ఉన్నచోట చెబుదాం, లేనిచోట కల్పించొద్దు.

అసలు చుట్టరికం మదనపల్లెలో ఉంది

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. చాంపియన్ రీఫ్స్ నుంచి బస్సెక్కితే ఒక పూటలో చేరే ఊరు మదనపల్లె. మనలో చాలామందికి అక్కడ పెళ్ళి సంబంధాలున్నాయి. ఐరిష్ పురాణాల మీద పుస్తకాలు రాసిన ఒక కవి ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, 1956లో అక్కడే కన్నుమూశాడు.

ఆయన పేరు జేమ్స్ కజిన్స్. 1873లో బెల్‌ఫాస్టులో పుట్టాడు. అంటే మన లావెల్ అర్జీ పెట్టిన ఏడాదే. డబ్లిన్‌లో కవి యేట్స్, ఏఈ అనే పేరుతో రాసిన జార్జ్ రస్సెల్, వీళ్ళంతా కలిసి మరిచిపోయిన ఐరిష్ పురాణాలను నాటకాల్లోకి, పద్యాల్లోకి తెచ్చిన రోజులవి. కజిన్స్ వాళ్ళలో ఒకడు. 1902లో ఐరిష్ జాతీయ నాటకరంగం మొదలైనప్పుడు అందులో ఉన్నాడు. 1912లో ఐరిష్ పురాణాలకు తాత్విక అర్థం చెబుతూ ఒక పుస్తకం రాశాడు.

ఆయన భార్య మార్గరెట్ కజిన్స్. రాస్‌కామన్ జిల్లా బాయిల్ అనే ఊరావిడ. ఆడవాళ్ళకి ఓటు కావాలని పోరాడి లండన్‌లోనూ ఐర్లండులోనూ జైలుకి వెళ్ళింది. 1915లో దంపతులిద్దరూ అనీ బిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చారు. 1916లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగినప్పుడు ఆ వీరులను మెచ్చుకుంటూ పత్రికలో రాసినందుకు జేమ్స్ ఉద్యోగం పోయింది. బిసెంటమ్మే ఆయన్ని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు పంపింది. తర్వాత ప్రిన్సిపాలు కూడా అయ్యాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు అక్కడికొచ్చి జనగణమన పాడి వినిపిస్తే, స్వరాలు రాసిపెట్టింది ఈ మార్గరెట్టే. మనం సంఘం సభల్లో నిలబడి పాడే పాట స్వరం వెనుక ఒక ఐరిష్ ఆడపడుచు ఉంది. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడానికీ ఆవిడ చెయ్యి ఉంది. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు వేలూరు జైలుకీ వెళ్ళింది.

ఇందులో విక్కా ఎక్కడుంది అంటారా? వినండి. యేట్స్, రస్సెల్ ఇద్దరూ డబ్లిన్‌లో దివ్యజ్ఞాన సమాజంతోనే మొదలయ్యారు. యేట్స్ 1890లో లండన్‌లో గోల్డెన్ డాన్ అనే రహస్య పూజా సంఘంలో చేరాడు. ఐరిష్ దేవతలను కొలిచే ఒక ఆశ్రమం పెట్టాలని కలలు కన్నాడు. దానికోసం ఆయన మనసు పడ్డ చోటు లాఖ్ కీ అనే చెరువు మధ్య ఒక దీవిలో పాత కోట. ఆ చెరువు ఎక్కడుందో తెలుసా? మార్గరెట్ పుట్టిన బాయిల్ ఊరి పక్కనే. ఆశ్రమం కట్టలేదు. కానీ గోల్డెన్ డాన్ పూజా పద్ధతులు చేతులు మారి మారి, చివరికి గార్డ్‌నర్ విక్కాలో కలిశాయి.

ఇంకొకటి. గార్డ్‌నర్ న్యూ ఫారెస్ట్ గుంపును కలిసింది ఇంగ్లండులో ఒక చిన్న నాటక బృందం, రోజిక్రూషియన్ సంఘం ద్వారా. ఆ సంఘంలో తిరిగినవాళ్ళలో మేబెల్ బిసెంట్ స్కాట్ ఒకరు. ఆవిడ ఎవరో కాదు, అనీ బిసెంట్ కన్న కూతురు. మదనపల్లె కాలేజీ పెట్టించిన తల్లి ఒకవైపు, విక్కా పుట్టిన చోట కూతురు ఇంకోవైపు. మేబెల్ విక్కా చేసిందని నేను అనడం లేదు. ఒకే కాలపు ఒకే గాలి రెండు చోట్లా వీచిందని అంటున్నాను. ఆ గాలిలో మన దేశపు ఆలోచన కూడా ఉంది. కాబట్టి ఆ అమ్మాయి అక్కడ చూసింది పూర్తిగా పరాయిది అనడానికి లేదు.

నేల కిందికి దిగిన దేవతలు, నేల కిందికి దిగిన మనం

దేవతలు నేల కింద ఉంటారంటే డబ్లిన్ కవులకి అది కల్పన. మనకి కాదు. మన తాతలు మూడు కిలోమీటర్ల లోతుకి దిగారు. చాంపియన్ రీఫ్ గని లోతు ప్రపంచంలోనే పేరు పొందింది. 1965లో అక్కడే, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. అంత లోతుకి దిగేవాడికి, కేజి ఎక్కే ముందు దండం పెట్టుకోవడం మూఢనమ్మకం కాదు. ఇంగ్లండు కార్న్‌వాల్ నుంచి మన గనులకు వచ్చిన దొరలకీ అలాంటి నమ్మకమే. గనిలో టకటకమని కొట్టే చిన్న భూతాలుంటాయనీ, రాయి కూలబోతే ముందే హెచ్చరిస్తాయనీ వాళ్ళ ఊళ్ళల్లో చెప్పుకునేవారు.

ఇక మన కోలారమ్మ. చోళుల కాలపు గుడి. అదే గుడిలో చేళమ్మ. కన్నడంలో చేళు అన్నా తెలుగులో తేలు అన్నా ఒకటే. తేలు తల్లి! కుట్టేదాన్నే తల్లిని చేసి, నన్ను కుట్టకు తల్లీ అని మొక్కిన జనం మనం. ఐరిష్ వాళ్ళకి మోరిగన్ అని యుద్ధభూమి మీద కాకి రూపంలో తిరిగే అమ్మవారుంది. బ్రిజిడ్ ఉంది: మంటకీ, వైద్యానికీ, కవిత్వానికీ తల్లి. క్రైస్తవం వచ్చాక అదే పేరుతో పునీత అయ్యింది. ఐర్లండు ప్రభుత్వం 2023 నుంచి ఆవిడ పేరు మీద సెలవు ఇస్తోంది. భయపెట్టే తల్లి, కాపాడే తల్లి మనకి కొత్తా?

ఇక ఆ మాట

మంత్రగత్తె. ఐర్లండులో కూడా ఆ మాట చంపింది. 1324లో కిల్‌కెన్నీలో ఆలిస్ కిటెలర్ అనే డబ్బున్న ఇల్లాలి మీద ఆ నేరం మోపారు. ఆవిడ తప్పించుకుంది. ఆవిడ దగ్గర పనిచేసే పెట్రోనిల్లాను కాల్చేశారు. ఎప్పుడూ ఇంతే, పైవాళ్ళు తప్పించుకుంటారు, పనిమనిషి కాలుతుంది. 1895లో టిప్పరేరీలో బ్రిజెట్ క్లియరీ అనే కుట్టుపని చేసుకునే ఇరవై ఆరేళ్ళ అమ్మాయి జబ్బు పడితే, ఈమె నా భార్య కాదు, దేవతలు ఎత్తుకుపోయి వేరేదాన్ని పెట్టారు అని మొగుడే కాల్చాడు. యేట్స్ లాఖ్ కీ దీవి చూసి కలలు కన్నదీ ఆ 1895లోనే. అదే నమ్మకం ఒకచోట కవిత్వం, ఇంకోచోట నిప్పు.

మన దగ్గర? చేతబడి అనుమానంతో చంపారని ఇప్పటికీ తెలుగు పేపర్లలో వార్త వస్తూనే ఉంది. మన కర్ణాటకలో 2017లో మూఢాచారాల మీద చట్టం చేశారు, 2020 జనవరి నుంచి అమలులో ఉంది. తేలో పామో కుట్టినవాణ్ణి ఆసుపత్రికి పోనీకుండా మంత్రం వెయ్యడం కూడా ఆ చట్టం కింద నేరమే. మంచి చట్టం.

ఇప్పుడు మా అవ్వ సంగతి. మా తాత గనిలో రాక్‌బరస్టులో పోయాడు. అవ్వకి అప్పటికి ముప్ఫై నిండలేదు, నలుగురు పిల్లలు. లైన్ ఇళ్ళల్లో తేళ్ళు ఎక్కువ. రాళ్ళ సందుల్లోంచి వచ్చేవి. ఎవర్ని కుట్టినా అవ్వ దగ్గరికి పరుగెత్తుకొచ్చేవారు. ఆవిడ ఏదో ఆకు నూరి పట్టు వేసి, చేళమ్మ పేరు చెప్పి, "ఇంక ఆసుపత్రికి పోండి, సూది వేయించుకోండి" అనేదట. ఆ రెండో మాట ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఒకసారి పక్క వరసలో ఒక పసిబిడ్డ జ్వరంతో పోయింది. ఆ బిడ్డని ముందురోజు అవ్వ ఎత్తుకుని ముద్దు పెట్టుకుందని ఎవరో అన్నారు. మొగుణ్ణి తిన్నది, బిడ్డనీ తిన్నది అన్నారు. మంత్రగత్తె అన్నారు.

ఎవరూ కొట్టలేదు. ఇంటికి నీళ్ళు పట్టుకోనివ్వలేదు, అంతే. పేరంటానికి పిలవలేదు. రెండేళ్ళు. ఆ తర్వాత వేరే లైనుకి మారిపోయారు. అవ్వ బతికున్నంతకాలం మళ్ళీ ఎవరికీ ఆకు నూరలేదు, ఎవరి బిడ్డనీ ఎత్తుకోలేదు. నన్ను కూడా ఎత్తుకోలేదట. నాయన ఈ మాట నాకు 2001లో చెప్పాడు, ఫిబ్రవరి 28న గనులు మూసేసిన రాత్రి. గని పోయినందుకు ఏడుస్తున్నాడనుకున్నాను. వాళ్ళమ్మ కోసం ఏడుస్తున్నాడు.

అందుకే ఈ మాటను నేను సరదాగా తీసుకోలేను. విక్కా మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పడం లేదు. మన ఆచారాలు మనవి, ఎవరినీ మారమనడం లేదు. ఒక ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఊరుకాని ఊళ్ళో, చీకటి రాత్రి మన పెద్దలకి దీపం పెట్టింది. కోలారమ్మను తలుచుకుంది. ఆ సంగతి మనతో చెప్పుకోవాలనుకుంది. మనం ఆ బిడ్డకి ఆ మాటే ఇచ్చాం.

నా విన్నపం ఒకటే. ఆ రోజు కింద రాసినవాళ్ళు ఎవరికివారు ఆ అమ్మాయికి ఒక మెసేజి పెట్టండి. పెద్ద క్షమాపణలు అక్కర్లేదు. "అమ్మా, ఉగాదికి వస్తావా, కోలారమ్మ గుడికి కలిసి పోదాం" అంటే చాలు. నేను పెట్టాను. "మావయ్యా, అవ్వ ఏ ఆకు నూరేదో తెలుసా?" అని జవాబు వచ్చింది. నాకు తెలియదు. మీలో ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళకి గుర్తుంటే చెప్పండి, రాసిపెట్టుకుందాం.

ఉంటాను.